నీలం దారం రొట్టెలు

బీదర్‌లో, జొన్నరొట్టెలు చేయించి హైదరాబాదుకు పంపే దయమ్మ వంటిల్లు. పటాన్‌చెరు దిక్కున ప్లాస్టిక్ ఫిల్ము కంపెనీలో పనిచేసే ఆమె అన్న కొడుకు స్టాన్లీ మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చాడు.

“అత్తమ్మా, నేనడిగింది అది గాదు. ఈ వంటింట్లకు ఎవలెవలు వచ్చిన్రు?”

“ముందుగాల కాళ్లు కడుక్కో బిడ్డా. చాయ్ పెడ్త.”

“చాయ్ తర్వాత. ఎవలొచ్చిన్రు?”

“వంటింట్లకు ఎవలొస్తరు? రొట్టెలు చేసేటోళ్లొస్తరు. హేబ్సిబా వస్తది, భాగీరథి వస్తది, వాళ్ల ఎంబడి ఇంకో నలుగురు ఆడోళ్లొస్తరు. పిల్లి వస్తది. పిల్లిని గూడ పిలిచి అడుగుతవా?”

“ఆ గూటి దిక్కు ఎవలన్న పోయిన్రా? నా ప్యాకెట్లు ఎవలన్న ముట్టిన్రా?”

“నువ్వు గూట్ల పెట్టిపోయినవ్, గూట్లనే ఉన్నయ్. పదిహేను దినాలాయె, ఒక్క బూజు చుక్క లేదు. రొట్టెలు మంచిగున్నయంటే సంబరపడాలె గని, పోలీసోని లెక్క మొకం పెట్టుకొని వస్తివి.”

“అదే గదా పరేషాన్. నువ్వు ఫోన్ల గూడ గిదే చెప్తివి, నేను నీ నంబరేసి సారుకు గదే రాసిచ్చిన. అన్నీ మంచిగుండొద్దు.”

“ఏందీ?”

“సగమే మంచిగుండాలె. సగం ఖరాబు కావాలె.”

“నా రొట్టెలు ఖరాబు కావాల్నని కోరుకునే మేనల్లుణ్ని నిన్నే చూస్తున్న.”

“అట్ల గాదు, జర ఇను. కొన్ని ప్యాకెట్లకు ఎర్రదారం గట్టిన, కొన్నిటికి నీలందారం గట్టిన. యాదికున్నదా? ఒక రకం మా కొత్త ఫిల్ము. ఇంకో రకం సాదా ప్లాస్టిక్, అంగట్ల దొరికే అసుంటిది. రెండిట్ల పెట్టింది నీ చేతి రొట్టెనే. సాదాదాంట్ల రెండు మూడు దినాలకే బూజు లేవాలె. కొత్తదాంట్ల లేవొద్దు. అప్పుడు గదా మా ఫిల్ము పనిచేస్తుందని తెలిసేది! రెండిట్ల లేవకపోతే సారు ఏమంటడు? ‘నీ ఫిల్ము చేసిందేందయ్యా, సాదా కవర్ గూడ అదే చేసింది గదా’ అంటడు. అననే అన్నడు.”

“ఇంకేమన్నడు మీ సారు?”

“చానా అన్నడు.”

“నీ మీదేమన్న అన్నడా?”

“అవన్నీ ఎందుకిప్పుడు? ఒక్క ముచ్చట అడుగుత, కోపం చేస్కోకు. పిండిల ఏమన్న కలిపినవా?”

“పిండిల నీళ్లు కలుపుతరు.”

“నీళ్లు గాక?”

“నీళ్లు గాక ఏం కలుపుతరు?”

“సున్నపు తేట గాని, నిమ్మ ఉప్పు గాని. బూజు పట్టకుంట ఏదన్న…”

“స్టాన్లీ! నా పొయ్యి ముంగట కూసొని నన్నే అడుగుతున్నవా? జొన్నపిండి, ఉడుకునీళ్లు, నా చెయ్యి. ఇంక నాలుగోది లేదు. ఉప్పు గూడ ఎయ్య. ఇదే రొట్టె తిని మీ నాయిన పెరిగిండు. ఇదే రొట్టె తిని నువ్వు ఈ ఇంట్ల పండుకొని పాలిటెక్నిక్ చదివినవ్. అప్పుడు రాని అనుమానం ఇప్పుడొచ్చిందా?”

“అడగాలె గాబట్టి అడిగిన అత్తమ్మా.”

“అట్లయితే నేను గూడ అడుగుత. నువ్వేం కలిపినవ్?”

“ఎందుల?”

“నీ కవర్ల. పదిహేను దినాలు రొట్టెకు బూజు రాదంటే దాంట్ల ఏమున్నట్టు? బూజుకు గూడ పానముంటది గదా. దాని పానం తీసేది మనిషిని ఊకె ఇడుస్తదా? కందిచేన్ల కొట్టే మందు డబ్బమీద గూడ గిట్లనే రాస్తరు, పురుగు చస్తది, పంటకేం గాదు అని. కొట్టినోడు గట్టు మీదనే పడిపోతడు.”

“ఇది మందు గాదత్తమ్మా. లవంగం నూనె, దాల్చినచెక్క నూనె. నీ మసాల డబ్బల ఉన్నయే.”

“లవంగం నూనె కవర్‌కు రుద్దితే అయిపాయె గదా. దానికి అంత పెద్ద కంపెనీ ఎందుకు?”

“రుద్దితే అంటుకోదు. ప్లాస్టిక్ మీద ఏదీ నిలువదు, చామాకు మీద నీళ్లు పోసినట్టు జారిపోతది. అందుకే ముందు ఫిల్మును ఒక మిషిన్ల నుంచి గుంజుతం. దాని మీద సన్నసన్నగ కరెంటు మెరుపులు పడ్తయ్…”

“కరెంటా!”

“ఫిల్ము మీదనే పడ్తది, రొట్టె మీద గాదు. పైపొర జర గరుకయితది. ఇసుర్రాయి నున్నగయితే గంట్లు కొట్టిస్తవ్ చూడు, అట్ల. అప్పుడు లవంగం పూత పట్టుకుంటది. పట్టుకొని కొంచెం కొంచెం వాసన ఇడుస్తది. ఆ వాసనకు బూజు లేవదు. గంతే.”

“ముందు కరెంటు పెట్టి, దాని మీద నూనె పూసి, దాంట్ల పరాయి పిల్లలు తినే రొట్టె కట్టి… అబ్బబ్బ, ఎంత సల్లగ చెప్తున్నవ్ రా!”

“నీకు అర్థంగాకుంటే మందంటవ్.”

“అర్థమయ్యే అడుగుతున్న. నువ్వు తిన్నవా?”

“ఏంది?”

“ఆ కవర్ల పెట్టిన రొట్టె. పదిహేను దినాలయినాంక నువ్వు తిన్నవా? నా దిక్కు చూసి చెప్పు.”

“ఇంక పరీక్షలున్నయ్ అత్తమ్మా. ల్యాబుకు పంపినం, అక్కడికెళ్లి కాయితం వచ్చేదాంక…”

“అంటే తినలే.”

“తింట. ఇప్పుడే తింట, తే. ఏదీ, ఆ ఎర్రదారంది ఇయ్యి.”

“వద్దురా. నేనేదో మాటకన్న.”

“ఇయ్యంటున్న గదా… ఆఁ. చూడు. నమిలిన. మింగిన. సచ్చిన్నా?”

“ఛీ, అవేం మాటలు! ఇగో నీళ్లు తాగు. ఎట్లున్నది?”

“జర బిరుసెక్కింది. లవంగం వాసనొస్తుంది. రొట్టె మాత్రం రొట్టె లెక్కనే ఉన్నది. ఇగ నీలందారంది ఇయ్యి.”

“సాలు తీయి. ఉత్త రొట్టె ఎంత తింటవ్? పుండికూర ఉన్నది, ఎచ్చజేస్త.”

“కూర వద్దు. నీలంది.”

“రాచయ్య వస్తడిప్పుడు, పొద్దుమూకి బస్సుకు మూటలు ఎక్కియ్యాలె. నేనింక మూటలే గట్టలే.”

“రాచయ్య?”

“రాచయ్యే. బస్సుల మూటలేసేటోడు. కొత్తోడా నీకు?”

“ఆయన ఈడిదాంక వస్తడా? వంటింట్లకు?”

“మూటలు ఈడనే ఉంటయ్ గదా. చర్చిల పెడ్తనా?”

“అత్తమ్మా, ఈ రాచయ్యనే గదా పోయిన నెల ఎవడో వేరే కంపెనోని కవర్లు తెచ్చి నీకు చూపెట్టింది? ఇవి తీస్కో అక్కా, మస్తుగుంటయ్ అని?”

“తెచ్చిండు. వద్దన్న. అయిపాయె.”

“అయిపాలే. వానికి ఎవడో ఏదో ముట్టజెప్పిండు. నేను ప్యాకెట్లు పెట్టిపోయినాంక వీడొచ్చి కవర్లు మార్చిండు. నాకిప్పుడు సమజైతుంది.”

“నీకేం సమజైతలేదు. రాచయ్య అసుంటోడు గాదు.”

“నీకెట్ల ఎరుక?”

“ఎరుకే.”

“ఎట్ల?”

“మనిషిని చూస్తే ఎరుకైతది. పాపం, వాని మీద నిందెయ్యకు. నోరు తెరిచి అడగకు. ఒట్టు.”

“వాని మీద అంత నమ్మకమేంది నీకు? నా మీద లేదు, నా కవర్ మీద లేదు, రాచయ్య మీద ఉన్నదా? రానీ, మొకం మీదనే అడుగుత.”

“అడగకంటే అడగకు!”

“అయితే నీలంది ఇయ్యి.”

“…తీస్కో. తిను. కడుపు పగిలేదాంక తిను.”

“…అత్తమ్మా, ఈ రొట్టె ఇంత తెల్లగెట్లున్నది?”

“జొన్నరొట్టె తెల్లగుండక, నీ పెనం లెక్క నల్లగుంటదా?”

“ఎర్రదారంది పచ్చవడ్డది. ఇది పాల లెక్కున్నది.”

“మంట ఫరకు. ఒక దినం పొయ్యి మంచిగ మండుతది, ఒక దినం మండదు.”

“మంట గాదు. అది పాత జొన్న. ఇది కొత్త జొన్న.”

“నువ్వెప్పటి నుంచి జొన్నల యాపారం చేస్తున్నవ్?”

“నేను సంతపూర్ల పుట్టినోన్ని అత్తమ్మా. నువ్వు కొనేది మా చేని జొన్ననే. నేను ఈ ప్యాకెట్లు గట్టిన దినం కొత్త జొన్న కొయ్యనే కొయ్యలే, చేన్ల నిలబడే ఉండె. మొన్న గదా నాయిన కల్లం చేసి నీకు పంపింది! కొయ్యని జొన్నతోటి నువ్వు రొట్టె ఎట్ల చేసినవ్?”

“చాయ్ పొంగుతాంది.”

“పొయ్యి మీద చాయే లేదు.”

“…మార్చిన. అయితే ఏంది? ఉరి తీస్తవా?”

“నువ్వే మార్చినవా?”

“నేనే. ఈ చేతులతోటి. నీలందారం ఇప్పిన, బూజు పట్టిన రొట్టె పొయ్యిల ఏసిన, ఆ దినం కాల్చింది పెట్టి మళ్ల దారం గట్టిన. బూజు లేచినప్పుడల్లా అదే చేసిన. చాలా?”

“ఎందుకత్తమ్మా! పరీక్షకు పెట్టినయ్, ముట్టొద్దని చెప్పి చెప్పి పోతిని గదా!”

“నీకేం, పెట్టి పోతివి. శుక్రారం శుక్రారం మా ఇంట్ల ప్రార్థన కూటముంటది. పాస్టరమ్మ నీళ్లకని వంటింట్లకొస్తది. గూట్ల పచ్చగ, నల్లగ బూజు పట్టిన రొట్టెలు కనపడ్తే ఏమనుకుంటది? దయమ్మ పాసిపోయిన రొట్టెలు పట్నం పంపుతుందని ఊరంత చెప్పదా? పేరు పోతే మళ్ల దొరుకుతదా అంగట్ల?”

“ఆగు. అత్తమ్మా, ఆగాగు. నీలందారాలే ఇప్పినవా?”

“నీలమే.”

“ఎర్రది ఒక్కటి గూడ ఇప్పలే?”

“బూజు రాందానికి ఎందుకిప్పుత?”

“ఒక్కదానికి గూడ రాలే? మంచిగ యాజ్జేస్కొని చెప్పు.”

“రాలేదంటున్న గదరా! రోజు చూస్తనే ఉన్న.”

“ఎర్రదే మాది! అత్తమ్మా, ఎర్రదే మా ఫిల్ము! నీలంది సాదా కవర్! పనిచేసింది… ఓ దేవా, పనిచేసిందత్తమ్మా!”

“ఇడువు, నన్ను ఇడువు! నడుమిరుగుతది!”

“సారు నన్నేమన్నడో ఎరుకనా? దొంగన్నడు. అసలు నువ్వు బీదర్ పోనేలేదు, రొట్టెలు పెట్టనేలేదు, రూముల కూసొని లెక్కలు రాసుకొచ్చినవన్నడు. ఇయ్యాల పోయి చూసొచ్చి నిజం చెప్పు, లేకుంటే రేపటికెళ్లి నౌకరికి రాకు అన్నడు. నలుగురి ముంగట అన్నడు. బస్సుల కూసొని ఏడిస్తి.”

“నీ మొకం మీదనే దొంగన్నడా?”

“అన్నడు. ఇప్పుడు చెప్త. ఫోన్ ఏడ పెడ్తి… ఆఁ, ఇగో.”

“చెప్పు బిడ్డా. మంచిగ చెప్పు. చెప్పేముందల ఒక్కటి అడగనా?”

“జల్ది అడుగు.”

“ఈ ఫిల్ము పాసయినాంక ఏమయితది?”

“ఏమయితది? కంపెనీ అమ్ముకుంటది.”

“ఎవలకు?”

“రొట్టెలోళ్లకు, బ్రెడ్డోళ్లకు, పన్నీరోళ్లకు. అందరికి.”

“రొట్టెలోళ్లంటే ఎవలు?”

“మీరు గూడ…”

“గూడ అన్నవ్. ఇంక ఎవలు?”

“…మియాపూర్ల ఒక సేటు ఉన్నడు. జొన్నరొట్టెలు కాల్చే మిషిన్ తెప్పిస్తుండు. కొత్తగ మాల్స్ లేస్తున్నయ్ గదా, వాటికి ఇస్తడంట.”

“ఆ సేటు మీ సారుకు తెలిసినోడేనా?”

“తెలిసినోడే. ఈ ఫిల్ము అడిగిందే ఆయన.”

“ఈ ముచ్చట నాకు ముందుగాల ఎందుకు చెప్పలే?”

“నువ్వడగలే.”

“అడగకుంటే చెప్పవా? నా ఇంట్ల, నా రొట్టెతోటి పరీక్ష పెట్టుకుంటివి గని!”

“అత్తమ్మా, మీ రొట్టెలు గూడ ఇంక దూరం పోతయ్, బొంబాయిదాంక పోతయ్…”

“మాయమాటలు చెప్పకు. రొట్టె పదిహేను దినాలుంటే వాడు మిషిన్ ఒకపాలి తిప్పి పండుకుంటడు. బీదర్ల ఆడోళ్లు కోడి కూయంగ లేసి కొట్టే రొట్టె, దినాం బస్సెక్కి పోయే రొట్టె ఎవలకు కావాలె? మన రొట్టె రేపటికి పాడైతది. పాడైతది గాబట్టే హైటెక్ సిటీ హాస్టళ్లోళ్లు రేపు మళ్ల మనల్ని అడుగుతరు. ఆ పాడయ్యే గుణమే మాకు బువ్వ పెడ్తాంది రా! భాగీరథి మొగడు మంచం మీద పడ్డడు. హేబ్సిబాకు ఇద్దరు ఆడపిల్లలు చదువుతున్నరు. వాళ్లకు ఇది గాక ఇంకో పని చూపియ్యి, నేను నోరు మూసుకుంట.”

“నువ్వు… పాస్టరమ్మకు భయపడి మార్చలే.”

“పాస్టరమ్మ మా గడప తొక్కక ఆర్నెల్లాయె. మోకాళ్ల నొప్పులామెకు.”

“అత్తమ్మా!”

“ఏం చెయ్యాలె మరి? నోటికొచ్చింది చెప్పిన.”

“ఎర్రది మాదని నేను నీకు చెప్పలే గదా. ఈడ ఎవలకు చెప్పలే. ఎట్ల ఎరుక?”

“దారం ఇప్పకముందే లవంగం గుప్పుమంటుంటే ఎరుకగాదా? పుట్టినకాడికెళ్లి మసాలలు నూరుతున్న.”

“అంటే ఎరికుండే చేసినవ్. నా ఫిల్ము ఫేలు కావాల్ననే చేసినవ్.”

“చేసిన. రొట్టె దినాలకు దినాలు నిలిస్తే మాతోటి ఎవలకు పని అని భయపడ్డ. రెండూ ఒక్కతీరుంటే, ఇది బేకార్ అని మూలకేస్తరు, అక్కడికి కథ ముగుస్తదనుకున్న. నిన్ను దొంగంటరని నేననుకోలే బిడ్డా. ఆ సోయే లేకపాయె నాకు. ఉంటే నా చెయ్యిరిగిపోను, ఆ దారం ఇప్పుదునా?”

“నన్ను కూసోపెట్టి అడగొచ్చు గదా. వద్దురా అంటే ఇనకపోదునా?”

“ఏమో. మిషిన్ సంగతి గుంజితే గదా నీ నోట్లకెళ్లి బయటపడ్డది. నువ్వు నా కాడ దాస్తివి, నేను నీ కాడ దాస్తి. అత్తకు తగ్గ అల్లుడు.”

“భాగీరథికి ఎరుకనా ఇది?”

“ఎవలకు ఎరుకలే. వాళ్లకెందుకీ పాపం? ఇగ ఫోన్ చెయ్యి. నా పేరు చెప్పు, మా అత్తమ్మనే చేసిందను. నాకేం సిగ్గులేదు.”

“మరి మీ సంగతి?”

“ఏమాలోచిస్తున్నవ్? మా సంగతి మేం చూసుకుంటం. ఏదో ఒకటి చేసుకొని బతుకుతం. నువ్వు నిజం చెప్పు. ఇన్నవా? నిజమే చెప్పాలె.”

“ష్. రింగైతుంది.”

“జర గట్టిగ చెప్పు. భయపడకు.”

“హలో, సార్, స్టాన్లీని సార్. బీదర్ల ఉన్న… చూసిన సార్. ప్యాకెట్లన్నీ ఇప్పి చూసిన… లేదు సార్, రొట్టెలు ఎవరూ మార్చలేదు.”

“స్టాన్లీ!”

“మా అత్తమ్మ సార్, నన్నే పిలుస్తుంది… లేదు సార్. నీలందాంట్ల గూడ బూజు రాలేదు. నేను నా కండ్లతోటి చూసిన. మన ఫిల్ముతోటి ఏం ఫరకు లేదు సార్.”

“ఒరే, ఆగురా! ఫోన్ ఇటియ్యి!”

“హా సార్… హా, ఒట్టేసి చెప్తున్న సార్… నౌకరి సంగతి మీ ఇష్టం. ఉంట సార్.”

“ఎంత పని చేసినవ్ రా! ఎందుకట్ల చెప్పినవ్?”

“ఎందుకంటే ఏం చెప్పాలె? ఎన్నేండ్లు ఈ ఇంట్ల తిన్న! నేను ఫీజు కట్టింది భాగీరథక్క వాళ్లు కొట్టిన రొట్టెలతోటి గాదా? నౌకరి ఇంకోటి దొరుకుతది. పటాన్‌చెరుల కంపెనీలకు కరువా? నువ్వేడ్వకు. అయిపాయె గదా, ఇగ ఆ మిషిన్ రాదు.”

“ఏమన్నడాయన? మాట మాట చెప్పు.”

“ఏమనలే. ‘అట్లనా స్టాన్లీ? పక్కా?’ అని రెండుపార్లు అడిగిండు. ఒట్టెయ్యమన్నడు. ఏసిన. పెట్టేసిండు.”

“అయ్యో ప్రభువా… ఏం జేస్తి రా… పొద్దుగాల నాకు ఫోన్ చేసిండురా ఆయన! నువ్వింక బస్సుల ఉన్నవ్. నీ అల్లుడు దొంగ రాతలు రాసిండమ్మా, తీసేస్తున్న అన్నడు. నాకు పానం ఆగలే. మావోడు దొంగ గాదు సారూ, నీలంది మార్చింది నేను, ఎర్రదానికి ఒక్క చుక్క రాలేదు, మీ ఫిల్ము మంచిగ పనిచేసింది అని అంతా చెప్పేసిన.”

“చెప్పేసినవా? మరి నాకు… నేను వచ్చినకాడికెళ్లి అడుగుతుంటే ఒక్క మాట చెప్పకపోతివేందత్తమ్మా!”

“ప్రభువు మీద ఒట్టు పెట్టించుకున్నడు బిడ్డా. ‘నాకు చెప్పినట్టు వానికి చెప్పకమ్మా, ఫిల్ము పాసయింది గదా, వాని చేతిల పెద్ద పని పెట్టాలె, నమ్మొచ్చునా లేదా చూస్త, నిజం వాని నోటితోటే ఇంట’ అన్నడు.”